రెండు కాజాలు, ఏడు మార్కులు

వీడియో గేముల గురించి తెలుగులో రాసి బతికేవాళ్ళు లోకంలో ఎంతమంది ఉన్నారో తెలియదు గానీ, ద్రాక్షారామంలో మాత్రం ఒక్కతే ఉంది. ఆమె పేరు శ్రీదివ్య. విజయవాడ నుంచి నడిచే ఒక వెబ్ పత్రికలో గేముల పేజీ ఆమెది. వారానికో గేమ్ ఆడుతుంది, పదికి ఇన్నని మార్కులు వేస్తుంది, ఎందుకు వేసిందో రాస్తుంది. కిరాణా కొట్టు నడిపే వాళ్ళ నాన్న గున్నేశ్వరరావు గారికి కూతురు చేసే పనేమిటో ఇప్పటికీ సరిగ్గా అర్థం కాలేదు. ఎవరైనా అడిగితే "కంప్యూటర్లో మార్కులు వేస్తుందండి" అంటారు. దాంతో వీధిలో సగంమంది ఆమె పరీక్ష పేపర్లు దిద్దుతుందనుకుని, ఏప్రిల్ నెల వచ్చిందంటే పిల్లల హాల్ టికెట్ నంబర్లు పట్టుకుని గుమ్మంలోకి వస్తారు.

శ్రీదివ్యకు ఒక పట్టుదల ఉంది. రాసిన ప్రతి సమీక్ష కిందా ఒకే మాట రాస్తుంది: "ఈ గేమ్ సొంతంగా కొనుక్కుని ఆడాను. దీని కోసం ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకోలేదు." నాలుగేళ్ళుగా వారం వారం అదే మాట. ఒక కంపెనీ వాళ్ళు ఖరీదైన హెడ్‌ఫోన్లు పంపితే పార్శిల్ విప్పకుండానే తిప్పి పంపింది. ఇంకొకరు టీ షర్టు పంపితే అదీ పంపేసింది, పైగా కొరియర్ ఖర్చు తనే పెట్టుకుంది. మెడలో గొలుసు ఉందో లేదో మధ్యమధ్య తడిమి చూసుకునే ఆడవాళ్ళుంటారు చూడండి, శ్రీదివ్య ఆ వాక్యాన్ని అలా తడిమి చూసుకునేది. అదొక్కటే తన ఆస్తి అని ఆమె నమ్మకం.

ఆ ఆస్తి రెండు మడత కాజాల పాలబడింది.

కథ గేమ్ దగ్గర మొదలైంది. రెండు వీధుల అవతల భానుతేజ అని ఒక కుర్రాడున్నాడు. ఇంజనీరింగ్ చదివి, ఉద్యోగానికి వెళ్ళకుండా మేడమీద గదిలో మూడేళ్ళు కూర్చుని ఒక గేమ్ తయారుచేశాడు. దాని పేరు "పంటు". కోటిపల్లి రేవులో గోదావరి దాటించే పంటు ఉంటుంది కదా, మనుషుల్నీ మోటారు సైకిళ్ళనీ గడ్డిమోపుల్నీ మేకల్నీ కలిపి ఎక్కించుకుని అవతలి ఒడ్డున దింపేది, అదే ఆట. బరువు ఒక పక్కకు చేరిందా, పంటు ఒరిగిపోతుంది. మధ్యలో పెళ్ళి బ్యాండు వాళ్ళు ఎక్కుతారు, డోలు ఎక్కడ పెట్టాలో తెలియక చస్తాం. ఆషాఢంలో వరద వస్తుంది. ఒకావిడ మంచం కూడా ఎక్కిస్తానని పేచీ పెడుతుంది.

శ్రీదివ్యకు ఆట బాగా నచ్చింది. కాకపోతే ఒక లోపం కనిపించింది. అందులో మేకలు నీళ్ళ మీద నడుస్తాయి. పంటు నిలువునా మునిగిపోయినా మేకలు మాత్రం ఏమీ ఎరగనట్టు గోదావరి మీద నడుచుకుంటూ ఒడ్డుకు పోతాయి, ఒక్కో మేకకూ స్కోరు పడుతుంది. ఈ కిటుకు తెలిసినవాళ్ళు పంటు నిండా మేకల్నే ఎక్కించి, దాన్ని కావాలని ముంచేసి, కూర్చున్న చోట లక్షలకు లక్షలు స్కోరు కొట్టేవారు. శ్రీదివ్య ఆటకు ఏడు మార్కులు వేసి, సమీక్షలో ఇలా రాసింది: "స్కోర్ల పట్టికలో మొదటి పదిమందీ పంటు నడిపినవాళ్ళు కారు, మేకల్ని ముంచినవాళ్ళు." ఆ వాక్యం రాశాక తనే రెండుసార్లు చదువుకుని నవ్వుకుంది. మనం రాసింది చూసి మనకే నవ్వొచ్చినప్పుడు కాస్త ఆగి ఆలోచించాలని ఎవరూ ఆమెకు చెప్పలేదు.

సమీక్ష చూసిన భానుతేజ రెండురోజుల్లో మేకల కాళ్ళు సరిచేశాడు. పనిలో పనిగా పాత స్కోర్ల పట్టిక మొత్తం తుడిచేశాడు.

అప్పుడు మొదలైంది తిట్ల వాన. ఏడు మార్కులు మరీ ఎక్కువని కొందరు. సొంత జిల్లా కుర్రాడికి ఏడే వేస్తావా, నీకసలు గోదావరి నీళ్ళు వంటబట్టాయా అని కొందరు. ఈ రెండు పార్టీలూ ఒకరినొకరు తిట్టుకుంటే శ్రీదివ్య హాయిగా కాఫీ తాగేది. అలా జరగలేదు, ఇద్దరూ కలిసి ఆమెనే తిట్టారు. ఆడపిల్లకు గేములెందుకన్నారు. ఆమె ఫొటోకు మేక కొమ్ములు అతికించారు. ఆ కొమ్ములు బాగా కుదిరాయని ఆమె స్నేహితురాలు కూడా ఒప్పుకుంది.

వీళ్ళందరిలోకీ ఒకడు ప్రత్యేకం. పేరు "పంటుపులి 1116". రోజుకు ఇరవై మెసేజీలకు తక్కువ కాకుండా పంపేవాడు. కానీ పాపం, మర్యాద మాత్రం ఎక్కడా తప్పలేదు.

"మీరు అమ్ముడుపోయారండి. సిగ్గుండాలండి మనిషన్నాక. ఆయ్."

"మీ మొహానికి గేములెందుకండి, ఇంట్లో కూర్చుని దీపం వత్తులు చేసుకోండి."

"మీరు రాసింది నా కాలి చెప్పుక్కూడా సరిపోదండి. ఉంటానండి."

ఇంత పద్ధతిగా తిట్టేవాడు ఈ రెండు గోదావరి జిల్లాల్లో తప్ప ఇంకెక్కడా పుట్టడని శ్రీదివ్యకు మొదటిరోజే అర్థమైంది. వాటిని నానమ్మకు చదివి వినిపించి ఇద్దరూ నవ్వుకున్నారు కూడా. మూడోరోజు మాత్రం నవ్వు రాలేదు. ఆ రోజు పంటుపులి ఇలా రాశాడు: "మీ ఇల్లు నాకు తెలుసండి. పచ్చ గేటండి. పొద్దున్నే వసారాలో కూర్చుని రాసుకుంటారండి. అన్నీ చూస్తానేవున్నానండి."

శ్రీదివ్యకు భయం వేసింది. అందులో దాచుకోవడానికేమీ లేదు. గేటు పచ్చదే. వసారాలో కూర్చునే మాటా నిజమే. ఆమె పంటుపులిని బ్లాక్ చేసేసి, కుర్చీ బల్ల తీసుకుని వెనక గదిలోకి, నాన్న కొట్టుకు తెచ్చిన కందిపప్పు బస్తాల మధ్యకు మారిపోయింది. మర్నాటి నుంచి వసారా ఖాళీగా ఉండటం చూసి, ఎదురింటి చిట్టియ్య మాత్రం నానమ్మను అడిగాడు, అమ్మాయిగారికి ఒంట్లో బాలేదా అండి అని. చిట్టియ్య కోటిపల్లి రేవులో ముప్పై ఒక్క ఏళ్ళు పంటు నడిపిన సరంగు. ఒళ్ళు సహకరించక మానేసి, ఇప్పుడు తన వీధి అరుగు మీద కూర్చుని ఫోను చూసుకుంటూ కాలక్షేపం చేస్తున్నాడు. రోజూ పొద్దున్నే వీధి అవతల నుంచే "అమ్మాయిగారూ, కాఫీ అయిందాండి?" అని పలకరించే మనిషి. నాలుగైదు రోజులుగా ఆ పలకరింపు లేకపోవడం శ్రీదివ్యకు వెలితిగానే ఉంది.

ఆ తర్వాత రెండురోజులకు అసలు పిడుగు పడింది. పంటుపులి ఒక ఫొటో పెట్టాడట. కాజాల పెట్టె, దాని మూత మీద మేక బొమ్మ స్టిక్కరు, స్టిక్కరు మీద "పంటు గేమ్ ఆడండి, భానుతేజ". కింద ఒక మాట: "గేమ్ చేసినాయన ఇంటి నుంచి ఇలాంటి పెట్టే శ్రీదివ్య గారింటికీ వెళ్ళిందండి. కాదనమనండి చూద్దాం. ఆయ్." బ్లాక్ చేసింది కాబట్టి ఆ ఫొటో శ్రీదివ్యకు నేరుగా కనబడలేదు. తునిలో వీరబాబు అనే కుర్రాడు గేములు ఆడుతూ వీడియోలు పెడుతుంటాడు, రెండు లక్షల మంది చూస్తారు. అతగాడు ఆ ఫొటో పట్టుకుని ఇరవై రెండు నిమిషాల వీడియో చేశాడు. కాజాల చుట్టూ ఎర్ర గీత గీశాడు. వెనకాల ఏముందో కనబడకుండా సగం ఫొటో మీద తన మొహమే పెట్టుకున్నాడు. "ఒక్కో మార్కుకు ఎన్ని కాజాలు?" అనేది వీడియో పేరు.

పత్రిక ఎడిటర్ కిరణ్ కుమార్ గారు ఫోను చేశారు. ఆయన ఎప్పుడూ గొంతు పెంచరు, అదే భయం.

"నువ్వు వాళ్ళ దగ్గర ఏమైనా తీసుకున్నావా, శ్రీదివ్యా?"

"లేదు సార్. నాలుగేళ్ళుగా చూస్తున్నారు కదా."

"చూస్తున్నాను. అయినా రాసి ఇవ్వు, వేద్దాం. ఇది తేలేదాకా పేజీ మీద నీ పేరు ఉండదు. తీసుకున్నావని తేలితే ఇంకెప్పటికీ ఉండదు."

ఒళ్ళు మండిన మనిషి రాసే రాత ఎలా ఉంటుందో అలాగే రాసింది శ్రీదివ్య. "కాజాలు కాదు కదా, ఆ ఇంటి మంచినీళ్ళు కూడా నేను ముట్టలేదు" అని పంపింది. పది నిమిషాల్లో అది పత్రికలో వచ్చేసింది. ఆమె లేచి వంటింట్లోకి వెళ్ళి, వడియాల పిండి కలుపుతున్న నానమ్మకు గర్వంగా చదివి వినిపించింది.

నానమ్మ పేరు మహాలక్ష్మమ్మ. డెబ్బై అయిదేళ్ళు. ఆమె పిండి కలపడం ఆపి, మనవరాలి వంక జాలిగా చూసింది.

"మరి ఆ సోమవారం రెండు తిన్నావు కదే."

"ఏం తిన్నాను?"

"కాజాలు. నువ్వు ఆ మేకల ఆట ఆడుకుంటున్నావు. నేను పళ్ళెంలో పెట్టి తెచ్చాను. తల కూడా తిప్పకుండా రెండూ తినేసి, వేళ్ళు నాకి, బాగున్నాయి నానమ్మా అన్నావు."

"అవి నాన్న తెచ్చినవి కావా?"

"మీ నాన్న ఏనాడైనా కాజాలు తెచ్చాడే? అవి సారె కాజాలు. భానుతేజ వాళ్ళ అన్నకి పెళ్ళయింది కదా. కొత్త కోడలు పావని కాపురానికొస్తూ తెచ్చుకున్న సారె, చుట్టుపక్కల నాలుగు వీధులూ పంచారు. మన ఇంటికీ ఇచ్చారు. మూత మీద మేక బొమ్మ చూసి, వాళ్ళకి మేకల వ్యాపారం కూడా ఉంది కాబోలు అనుకున్నాను."

శ్రీదివ్య పిండి గిన్నె పక్కనే నేల మీద కూర్చుండిపోయింది. సారె అంటే ఏమిటో ఆమెకు తెలియక కాదు. కొత్త కోడలి పుట్టింటివాళ్ళు పంపే మిఠాయిలు అత్తవారి చుట్టుపక్కల ప్రతి గడపకూ వెళ్ళాలి. ఇవ్వకపోతే తప్పు, పుచ్చుకోకపోతే ఇంకా పెద్ద తప్పు. ఆ పెట్టెల మీద గేమ్ ప్రచారం స్టిక్కర్లు అంటించాలన్న తెలివి మాత్రం లోకంలో భానుతేజ ఒక్కడికే పుట్టింది. ఇప్పుడు ఆమె తిన్నది సారెనా, లంచమా? ఏదైతేనేం, తినలేదని అచ్చులో చెప్పింది. నిజం తెలిసినవాళ్ళు ఈ వంటింట్లో ఇద్దరే. ఊరుకుంటే ఎవరికీ తెలియదు. ఆ ఆలోచన వచ్చిన మాట నిజం. అది వచ్చినందుకే ఆమెకు తన మీద తనకు అసహ్యం వేసింది.

ముందు తిన్నది తిప్పి ఇచ్చేస్తే తర్వాత ఒప్పుకోవడం తేలికవుతుందని ఆమెకు తోచింది. బజారుకు వెళ్ళి ఒక పెట్టె కాజాలు కొని, తిన్నగా భానుతేజ ఇంటికి వెళ్ళింది. ఆ ఊళ్ళో పుట్టి పెరిగిన పిల్ల చేయాల్సిన పని కాదది. చదువు ఎక్కువైతే ఇలాంటివే జరుగుతాయి.

తలుపు తీసింది భానుతేజ వాళ్ళమ్మ నాగదుర్గ గారు.

"ఆంటీ, మీరు పంపిన సారె తిరిగి ఇవ్వడానికి వచ్చానండి."

నాగదుర్గ గారు పెట్టె వంక చూసింది, ఆమె మొహం వంక చూసింది. "సారె తిప్పివ్వటమేంటమ్మా? మీ ఇంట్లో ఎవరైనా పోయారా?"

"లేదండీ, నేను తీసుకోకూడదు. భానుతేజ గారి గేమ్ మీద రాశాను కదా."

ఈలోగా లోపలి గదిలోంచి కొత్త కోడలు పావని వచ్చింది. ఆమెకు కళ్ళనిండా నీళ్ళు. "మా నాన్న తాపేశ్వరంలో దగ్గరుండి చేయించారండి. నచ్చలేదా అండి? పాకం ముదిరిందా?"

"అయ్యో, చాలా బాగున్నాయండి."

"మరైతే తిన్నారా?"

"రెండు తిన్నాను" అంది శ్రీదివ్య. మొదటిసారి ఒప్పుకున్నది ఆ గుమ్మంలోనే.

రాసేవాళ్ళ నీతి నియమాల గురించి ఆమె అయిదు నిమిషాలు చెప్పింది. నాగదుర్గ గారు మొత్తం శ్రద్ధగా విని, "అంటే రాసేవాళ్ళు ఎవరింట్లోనూ ఏమీ తినకూడదన్నమాట. అందుకే ఇలా చిక్కిపోయావు. రా, విస్తరి వేస్తాను" అంది. వద్దన్న కొద్దీ కూరలు పెరిగాయి. మామిడికాయ పప్పు, గుత్తి వంకాయ, పనస పొట్టు కూర, మజ్జిగ పులుసు. ఒక్కొక్కటి వడ్డించినప్పుడల్లా శ్రీదివ్య మనసులో ఒక్కొక్కటీ రాసుకుంది, ఇవి కూడా చెప్పాలి కదా అని.

ఎదురుగా భానుతేజ తల వంచుకుని కూర్చున్నాడు. అప్పటికే ఆ స్టిక్కర్ల విషయంలో వదినగారి చేత నాలుగు చివాట్లు తిన్నాడు.

"నా వల్లే కదండీ ఇదంతా" అన్నాడు. "ఇంకో మాట కూడా చెప్పాలండి. పట్టిక తుడిచేశాక పాత ఆటలన్నీ తీసి చూశాను. రెండు నుంచి పది దాకా అందరూ మేకల్ని ముంచినవాళ్ళేనండి. మొదటాయన మాత్రం కాదండి. ఆయన నూట పద్దెనిమిది సార్లు పంటు దాటించాడు, ఒక్క మేక కాలు కూడా తడవలేదండి. ఆ గేమ్ అంత బాగా ఆడొచ్చని నాకే తెలీదు."

శ్రీదివ్య చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. "మొదటి పదిమందీ" అని రాసింది తను. చూసి రాయలేదు. నాలుగు ఆటలు చూసి, మిగతావీ అంతే అనుకుని, వాక్యం బాగుందని రాసేసింది.

"ఎవరండీ ఆయన?"

"పేరు తెలీదండి. పంటుపులి అని పెట్టుకున్నాడు. అదే, ఈ ఫొటో పెట్టినాయనేనండి" అని భానుతేజ ఫోను తీసి అసలు ఫొటో చూపించాడు. వీరబాబు మొహం అడ్డం లేని ఫొటో అది. ముందు కాజాల పెట్టె, అందులో సగం ఖాళీ. వెనక వీధి, వీధి అవతల పచ్చ గేటు, గేటు పైన మేడ, మేడ మీద వడియాలు ఎండబెడుతూ సాక్షాత్తు నానమ్మ. ఎవరో తనకే ఫొటో తీస్తున్నారనుకుని కొంగు సర్దుకుని, కెమెరా వంక చూసి చక్కగా నవ్వుతోంది.

ఆ ఫొటో అలా పడాలంటే తీసినవాడు ఒక్కచోటే కూర్చుని ఉండాలి.

శ్రీదివ్య లేచింది. ఇవ్వడానికి తెచ్చిన పెట్టెతో పాటు ఇంకో పెట్టె కాజాలూ, ఒక సీసాడు మాగాయ పచ్చడీ చేతిలో పెట్టి మరీ పంపింది నాగదుర్గ గారు.

చిట్టియ్య అరుగు మీదే ఉన్నాడు. ఆమె తిన్నగా తన వైపే రావడం చూసి, ఫోను పంచె మడతలోకి దాచేశాడు.

"పంటుపులి మీరేనా, బాబాయి గారూ?"

"పులేంటండి అమ్మాయిగారూ, ఈ వయసులో" అన్నాడు. ఆమె వెనక్కి తిరిగి, వడియాలున్న తన మేడ వంక చూసింది. చిట్టియ్య కూడా అటే చూశాడు. "ఆయ్. నేనేనండి."

"ఎందుకండీ?"

"మీరు మేకల్ని ముంచినవాడన్నారండి నన్ను." "ముప్పై ఒక్క ఏళ్ళండి. పుష్కరాల్లో జనాన్ని దాటించానండి, పెళ్ళివారిని దాటించానండి, పురిటి నొప్పులొచ్చిన ఆడపిల్లల్ని దాటించానండి. ఒక్క ప్రాణి పోలేదు నా చేతిలో. ఇప్పుడు మోకాళ్ళు లేవట్లేదు, అందుకని ఫోన్లో నడుపుకుంటున్నాను. బళ్ళు నడిమధ్యనుంచాలండి, మేకల్ని ఆఖర్న ఎక్కించి ముందు దింపాలండి, కుదురుండదు వాటికి. అలా ఆడితే మొదటి పేరు నాది వచ్చిందండి. మీరు రాశాక ఆ పేరూ తుడిచేశారు. నన్ను ఒక్క మాట అడిగారాండి? ఎదురిల్లే కదండి."

శ్రీదివ్య తిట్టడానికి వచ్చింది, సగం తిట్లు గొంతులోనే ఆరిపోయాయి.

"తప్పు నాదే, బాబాయి గారూ. చూడకుండా రాశాను. అది అచ్చులోనే దిద్దుతాను" అంది. "కానీ నేను ఇన్ని రోజులుగా వసారాలోకి రాలేదు. ఎందుకో తెలుసా?" అని అడిగింది.

"జొరమనుకున్నానండి."

"ఇల్లు తెలుసు, చూస్తానేవున్నాను అని రాశారు. ఎవడో వచ్చి గేటు దగ్గర నిలబడతాడని నిద్రపట్టలేదు నాకు."

"ఎవడో ఏంటండి, నేనే కదండి."

"మీరని నాకెలా తెలుస్తుందండి?"

ఆ సంగతి చిట్టియ్యకు నిజంగానే తట్టలేదు. భయపెట్టానన్న మాట ఆయన మొహంలోకి నెమ్మదిగా దిగింది. ఎర్రబడిన కళ్ళు భుజం మీద తువ్వాలుతో తుడుచుకున్నాడు. శ్రీదివ్యకు ఆయన మీద కోపం పోలేదు, అలాగని ఆయన్ని అలా చూడలేకపోయింది కూడా.

ఆ సాయంత్రం ఆమె రాసిన దిద్దుబాటు సమీక్ష కంటే పొడుగైంది. కాజాలు తినలేదని చెప్పింది అబద్ధం, తెలియక చెప్పినా అబద్ధమే, రెండు తిన్నాను అని మొదలుపెట్టింది. తిరిగి ఇవ్వబోయి మామిడికాయ పప్పు, గుత్తి వంకాయ, పనస పొట్టు కూర, మజ్జిగ పులుసు తిన్నానని, వడియాలు రెండోసారి అడిగి వేయించుకున్నానని, పైగా ఇచ్చిన కాజాల పెట్టె, మాగాయ సీసా తిరిగి పంపితే నాలుగేసి అవుతాయన్న భయంతో ఇంట్లోనే ఉంచుకున్నానని రాసింది. మార్కులు మాత్రం ఏడే, కాజాలకు ముందూ ఏడే, భోజనం తర్వాతా ఏడే అంది. ఆఖర్న ఇలా రాసింది: "నన్ను నిలదీసినవాళ్ళంతా కాజాల గురించి అడిగారు. నేను చేసిన అసలు తప్పు వేరే. పట్టికలో మొదటి ఆటగాడు ఒక్క మేకను కూడా ముంచలేదు. అడగకుండా, చూడకుండా, వాక్యం బాగుందని రాశాను."

కిరణ్ కుమార్ గారు ఫోను చేశారు. దిద్దుబాటు మొత్తం చదివానన్నారు. తర్వాత, "పనస పొట్టులో ఆవపెట్టారా?" అని అడిగారు. మర్నాడు పేజీ మీద శ్రీదివ్య పేరు ఉంది.

ఆ పేరు కిందే ఒక వ్యాఖ్య కూడా ఉంది: "పంటుపులి అన్నవాణ్ణి నేనేనండి. కోటిపల్లి రేవు సరంగు చిట్టియ్యనండి. ఈ అమ్మాయిగారు నా విషయంలో తప్పు రాశారు, దిద్దుకున్నారు. నేను ఆడపిల్లని బెదిరించాను, అది దిద్దితే పోయేది కాదండి. క్షమించమని అడుగుతున్నానండి. ఆయ్."

ఆయన క్షమాపణ చెప్పాడు గనక తిట్లు ఆగాయనుకుంటే మీకు ఆ లోకం తెలియదన్నమాట. తిట్లు దారి మార్చుకుని చిట్టియ్య మీద పడ్డాయి. నువ్వెన్ని కాజాలు తిన్నావురా ముసలోడా అన్నారు. వీరబాబు ఇంకో వీడియో మొదలుపెట్టాడు.

ఆ మర్నాడు పొద్దున్న శ్రీదివ్య కుర్చీ బల్ల తీసుకొచ్చి మళ్ళీ వసారాలో వేసుకుంది. కాఫీ తాగింది. ఎదురింటి అరుగు ఖాళీగా ఉంది. ఎవరూ కాఫీ అయిందా అని అడగలేదు. అరుగు పక్కన ఆయన గేటుకు తాళం. ఆమె వీధి దాటి వెళ్ళి పిలిస్తే, చిట్టియ్య కిటికీలోంచి తొంగిచూశాడు.

"అమ్మాయిగారూ, ఎవడో నా ఇల్లు తెలుసంటున్నాడండి" అని ఫోను ఊచల సందులోంచి చేతికిచ్చాడు.

మెసేజీ పంపిన పేరు "అపరకాళి 75". "నీ ఇల్లు నాకు తెలుసు చిట్టియ్యా. నీలం తలుపు. నీ దొడ్లో జామచెట్టుకి ఎన్ని కాయలున్నాయో కూడా తెలుసు. కాచుకో."

దొడ్లో జామచెట్టు వీధిలోకి కనబడదు. ఒకే ఒక్క మేడ మీంచి కనబడుతుంది. శ్రీదివ్య తల ఎత్తి చూసింది. మేడ మీద నానమ్మ వడియాల మధ్య కూర్చుని, కళ్ళజోడు ముక్కు చివరకు దించుకుని, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ ఫోన్లో ఏదో నొక్కుతోంది.

"నానమ్మా, కిందికి రా."

నానమ్మ తీరిగ్గా దిగి వచ్చింది. దాచే ప్రయత్నం కూడా చేయలేదు. "ఏం, వాడు నిన్ను అన్ని రోజులు ఏడిపించలేదా? నేను ఒక్క ముక్క రాశాను. అదీ తప్పేనా?"

"ఆ ఒక్క ముక్కకి ఆయన గేటుకి తాళం వేసుకున్నారు."

"నిజంగా భయపడ్డాడా?" సంతోషంగా అడగాలనుకుంది నానమ్మ, గొంతు అలా రాలేదు.

"నేనెలా భయపడ్డానో అలాగే."

నానమ్మ ఎదురింటి వైపు చూసింది. తర్వాత లోపలికి వెళ్ళి, చీర మార్చుకుని, నాగదుర్గ గారిచ్చిన పెట్టె తీసుకుని వీధి దాటింది. చిట్టియ్యకు కంగారులో తాళంచెవి ఎక్కడ పెట్టాడో దొరకలేదు. అంచేత గేటుకు ఇటు నానమ్మ, అటు ఆయన నిలబడి, ఊచల సందులోంచే మాట్లాడుకున్నారు. ఏం అనుకున్నారో ఇవతలికి వినబడలేదు. నానమ్మ తల వంచుకుని మాట్లాడటం మాత్రం శ్రీదివ్య పుట్టి బుద్ధెరిగాక అదే మొదటిసారి చూసింది.

ఆమె కంప్యూటర్ ముందు కూర్చుని, అప్పటికే పొడుగైన ఆ దిద్దుబాటు చివర ఇంకొక్క మాట చేర్చింది.

"ఈ సమీక్ష రాసినామె నానమ్మ, ఒక పెద్దమనిషిని ఇల్లు తెలుసని బెదిరించారు. వెళ్ళి క్షమాపణ చెప్పి రెండు కాజాలు ఇచ్చారు. ఆయన పుచ్చుకున్నారు."